రైతు తోటలో ముందుగా డబ్బు కట్టి వాటా తీసుకోవడం మంచిదేనా? (నెల్లూరు)

ప్రశ్న: వేదాయపాళెం నివాసి

మేము నెల్లూరులో వేదాయపాళెం వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. ఇందుకూరుపేట మండలంలో కూరగాయలు పండించే ఒక రైతు ఈ మధ్య మా దగ్గరకు వచ్చి, తాను రసాయన ఎరువులూ పురుగుమందులూ వాడడం లేదని, మాలో ఇష్టమైన కుటుంబాలు తన తోటలో ఒక్కో వాటా తీసుకోవచ్చని చెప్పారు. వాటా సొమ్ము 12,000 రూపాయలను సెప్టెంబరు నెలాఖరులోగా ఒకేసారి కట్టాలి. అక్టోబరు నడుమ నుండి ఏప్రిల్ నడుమ వరకు, అంటే 26 వారాల పాటు, ప్రతి ఆదివారం ఉదయం వాచ్‌మన్ గది దగ్గర ఇంటికి ఒక సంచి చొప్పున దించి వెళ్తారు. ఆ సంచిలో ఏముంటుందో, ఎన్ని కిలోలుంటుందో మాత్రం ముందుగా చెప్పలేనని, ఆ వారం తోటలో కోతకు వచ్చిన దానిని వాటాదారులందరికీ సమంగా పంచుతానని అన్నారు.

లెక్క వేస్తే వారానికి సుమారు 460 రూపాయలు పడుతుంది. ఫత్తేఖాన్‌పేట రైతు బజారులో మా నలుగురికి సరిపడా కూరగాయలు అంతకన్నా తక్కువకే వస్తున్నాయి. అయినా, మా అత్తగారికి మధుమేహం ఉన్నందువల్ల ఆకుకూరలు, కాయగూరలు ఎక్కువగా వండవలసి వస్తోంది కాబట్టి, మందులు కొట్టని సరుకు దొరికితే కొంత ఎక్కువ పెట్టడానికి మా వారు ఒప్పుకున్నారు. నా సందేహాలు వేరు. వాయుగుండం పట్టి తోట మునిగిపోతే మేము కట్టిన సొమ్ము సంగతి ఏమిటి? మందులు వాడడం లేదన్న మాటను మేము ఎలా సరిచూసుకోవాలి? మా పిల్లలిద్దరూ బంగాళాదుంప, క్యారెట్, బీన్స్ తప్ప వేరొకటి ముట్టరు; వద్దనుకున్న కూరను మార్చుకునే వీలు ఇటువంటి పద్ధతిలో ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: ఒంగోలు గృహిణి

మేము ఒంగోలులో కొన్ని కుటుంబాలు కలిసి ఇటువంటి వాటాలనే తీసుకుంటున్నాము. మీరు మొదట స్పష్టం చేసుకోవలసినది ఒకటుంది. మీరు కొంటున్నది కూరగాయలు కాదు, ఆ రైతు వేసే పంటకాలంలో ఒక భాగం. జపానులో 1970ల నాడు పురుగుమందుల భయంతో గృహిణులు నేరుగా రైతులతో ఒప్పందాలు చేసుకున్నప్పుడూ, 1986లో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాలలో రెండు తోటలు ఈ వాటాల పద్ధతిని మొదలుపెట్టినప్పుడూ సూత్రం ఇదే: ఖర్చును ముందుగా అందరూ పంచుకోవాలి, పండినదీ పండనిదీ కూడా అందరూ పంచుకోవాలి. ఈ రెండో సగం మీ ఇంట్లో అందరికీ సమ్మతమైతేనే డబ్బు కట్టండి. వారం వారం సంచిని రైతు బజారు ధరల బోర్డుతో పోల్చి చూసుకునేటట్లయితే, రెండో నెలకే మీకు ఆ రైతు మీద కోపం వస్తుంది, ఆయనకు మీ మీద విసుగు పుడుతుంది.

వంటింటి సంగతి చెబుతాను, ఎందుకంటే మా గుంపులో మానుకున్నవారిలో ఎక్కువమంది డబ్బు వల్ల కాదు, వంట వల్ల మానుకున్నారు. మీ పిల్లలు తినే మూడింటిలో ఒక్కటి కూడా మన కోస్తాలో అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు వారం వారం వచ్చేది కాదు. క్యారెట్, బీన్స్ మనకు చల్లని ప్రాంతాల నుండి, ఎక్కువగా కర్ణాటక వైపు నుండి లారీలలో వస్తాయి. బంగాళాదుంప సంగతి చెప్పనక్కరలేదు. వాటిని మీరు ఎటూ బజారులోనే కొనుక్కోవాలి. ఆ ఖర్చును కూడా కలుపుకొని నిర్ణయించుకోండి. సంచిలో మొదటి నెలంతా తోటకూర, పాలకూర, మెంతికూర, చుక్కకూర, ముల్లంగి వంటివే ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలలలో చిక్కుడు, వంకాయ, టమాటా, కొత్తిమీర దండిగా వస్తాయి. ఫిబ్రవరి దాటాక బీర, సొర, పొట్ల, కాకర, దోస, బెండ మొదలవుతాయి. గోంగూర మాత్రం కోసిన కొద్దీ చిగురిస్తూనే ఉంటుంది.

మా ఇంటికి వచ్చిన ఒక సంచిని ఉదాహరణగా చెబుతాను. వేళ్లతో సహా పీకిన గోంగూర నాలుగు కట్టలు, ఆ వేళ్లకు అంటిన ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. చిక్కుడుకాయలు రెండు కిలోలకు తక్కువ లేవు, ప్రతి పదింటిలో ఒకటి రెండింటికి పురుగు తొలిచిన రంధ్రం. తెల్లచారల వంకాయలు, చేతికి ముళ్లు గుచ్చుకునేంత లేతవి. ఒక సొరకాయ, గుప్పెడు పచ్చిమిర్చి, నాలుగు నిమ్మకాయలు. అంతే, ఆ వారానికి టమాటా లేదు. చిక్కుడు మూడు పూటలు వండినా మిగిలిపోయింది. మా అమ్మ కాలంలో చేసినట్లు గోరుచిక్కుడు, వంకాయ ఒరుగులు ఎండబెట్టడం, గోంగూర నిల్వ పచ్చడి, బూడిదగుమ్మడి వడియాలు, దోసావకాయ పెట్టడం నేను ఈ సంచుల వల్లనే మళ్లీ మొదలుపెట్టాను. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు కూర్చొని ఆకుకూర ఏరి, కడిగి, ఆరబెట్టే ఓపిక మీకు లేకపోతే మంగళవారానికి అదంతా కుళ్లిపోతుంది. ఉద్యోగం చేసే ఇల్లాలికి ఇది చిన్న విషయం కాదు.

మార్పిడికి మేము చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, సంచులు దించే చోట ఒక ఖాళీ బుట్ట పెట్టాము. కాకరకాయ వద్దనుకున్నవారు దానిని ఆ బుట్టలో వేసి, అందులో ఉన్న మరొకటి తీసుకుంటారు. రైతుకు దీనితో సంబంధం ఉండదు. నా సలహా అడిగితే, మొదటి పంటకాలానికి మీ పక్కింటివారితో కలిసి ఒక వాటాను సగం సగం తీసుకోండి.

సమాధానం 2: కావలి కూరగాయల రైతు

అమ్మా, నేను కావలి దగ్గర ఒక ఎకరంలో కూరగాయలు వేస్తాను, కొంతమందికి వాటాలు కూడా ఇస్తాను. ఆ రైతు ఎవరో నాకు తెలియదు, ఆయన పక్షాన చెప్పడం లేదు. సెప్టెంబరులోనే డబ్బు ఎందుకు అడుగుతారో మాత్రం తెలుసు. కూరగాయల తోటకు ఖర్చంతా మొదటి రెండు నెలలలోనే పడుతుంది. దుక్కి, ఘన జీవామృతం (ఆవు పేడ, బెల్లం, పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు), విత్తనాలు, నారు, బీరకూ కాకరకూ పందిరి, డ్రిప్పు పైపుల మరమ్మతు, కలుపు కూలి, ఇవన్నీ మొదటి కాయ కోయకముందే పెట్టవలసినవి. ఆ సొమ్ము చేతిలో లేని రైతు కమీషన్ కొట్టులో తెచ్చుకుంటాడు. తెచ్చుకున్నవాడు నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టడమే కాక, పండిన సరుకును ఆ కొట్టుకే, వారు చెప్పిన ధరకే వేయాలి. వాటాదారుల సొమ్ము ఆ కట్టు నుండి విడిపిస్తుంది. అందువల్ల ముందుగా అడగడంలో మోసం ఏమీ లేదు.

అయితే ఆయన చెప్పిన తేదీల మీద నాకు అభ్యంతరం ఉంది. మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. చిత్త, స్వాతి కార్తెల నుండి డిసెంబరు నడిమి వరకు ఎప్పుడు వాయుగుండం పడుతుందో ఎవరూ చెప్పలేరు. 2015 నవంబరులోనూ, 2021 నవంబరులోనూ నెల్లూరు చుట్టుపక్కల ఏం జరిగిందో మీరు చూసే ఉంటారు. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను కూడా అంతే. వంగ, టమాటా, మిరప మొదళ్లలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి, ఎండ వచ్చిన రోజే మొక్క వాలిపోతుంది. అంటే మీ 26 వారాలలో మొదటి ఎనిమిది తొమ్మిది వారాలు ఏడాదిలోకెల్లా గండమైన వారాలు. నేను నా వాటాలను జనవరి మొదటి వారం నుండి మే నెలాఖరు వరకు ఇస్తాను. అక్టోబరు, నవంబరు నెలలలో పండినది ఏదైనా ఉంటే బజారులో అమ్ముకుంటాను, ఆ నష్టం నేనే భరిస్తాను.

ఆయన తేదీలు మార్చలేనంటే, సొమ్మును రెండు విడతలుగా కడతామని అడగండి. సగం సెప్టెంబరులో, మిగిలిన సగం వానలు వెనకబట్టిన తరువాత, సంక్రాంతికి ముందు. నిజాయితీగా సేద్యం చేసే రైతు దీనికి ఒప్పుకుంటాడు, ఎందుకంటే తుపాను తరువాత మళ్లీ నారు పోయడానికి ఆయనకూ అప్పుడే డబ్బు అవసరమవుతుంది. తోట మునిగితే ఏం చేస్తారో కూడా కాగితం మీద రాయించుకోండి: ఆకుకూరలు నీరు తీసిన నెల రోజులకు మళ్లీ వస్తాయి కాబట్టి వాటితో మొదలుపెడతారా, పోయిన వారాలను మే నెలలోకి పొడిగిస్తారా, అసలు పంటే లేకపోతే రెండో విడత అడగకుండా ఆగుతారా అన్నది ముందే తేలాలి. ఇది చీటీ పాట కాదు, కట్టినది కట్టినట్లు తిరిగి రాదు. అయితే ఎంతవరకు పోవచ్చో ముందుగా తెలిసి ఉండడం ఇద్దరికీ మంచిది.

మరో రెండు సంగతులు అడగండి. ఒకటి, ఎంత నేలకు ఎన్ని వాటాలు అమ్మారు? మిశ్రమంగా వేసే ఎకరం తోట మీద ఇరవై కుటుంబాలను దాటితే సంచులు పలచబడతాయన్నది నా అంచనా. అప్పుడు కొందరు రైతులు బజారులో కొన్న కాయలతో సంచి నింపడం మొదలుపెడతారు. రెండోది, విత్తనం ఎన్ని విడతలుగా వేస్తారు? తోటకూర 25, 30 రోజులలో, ముల్లంగి 45 రోజులలోపు, బెండ సుమారు 45 రోజులకు వస్తాయి. వంగ, టమాటా నారు నాటిన తరువాత రెండు నెలలు పైబడుతుంది. మూడు వారాలకొకసారి కొన్ని సాళ్లు బెండ, కొన్ని మడులు ఆకుకూర విత్తుతూ పోతేనే ప్రతి ఆదివారం సంచి నిండుతుంది. ఒకేసారి అంతా విత్తేవాడు రెండు వారాలు గంపలతో ఇచ్చి, తరువాత నెల చేతులెత్తేస్తాడు.

సమాధానం 3: విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి

మందులు వాడడం లేదన్న మాటను సరిచూసుకోవడం గురించి మాత్రమే రాస్తాను. ఆ రైతుకు ధ్రువపత్రం ఉందా అని అడగడం తేలిక, కాని చిన్న రైతులలో చాలామందికి విడిగా ధ్రువీకరణ చేయించుకునే స్తోమత ఉండదు. వారికి అందుబాటులో ఉన్నది పీజీఎస్ ఇండియా, అంటే రైతులే ఒకరికొకరు హామీగా ఉండే ధ్రువీకరణ పద్ధతి. ఒకే ప్రాంతపు రైతులు ఒక గుంపుగా ఏర్పడి, ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. రసాయనాల నుండి మారుతున్న దశలో పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారిన తరువాత పీజీఎస్ ఆర్గానిక్ అన్న గుర్తు ఇస్తారు. ఇది కాక, మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆధ్వర్యంలోని రైతు సాధికార సంస్థ 2016 నుండి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని నడుపుతోంది. ఆ గ్రామంలో కార్యక్రమం ఉన్నట్లయితే రైతు సేవా కేంద్రంలోనో, అక్కడి మహిళా సంఘాలలోనో అడిగితే ఆయన ఎన్నేళ్లుగా అందులో ఉన్నారో ఇట్టే తెలుస్తుంది. ఊరిలో ఒక రైతు ఏం కొడుతున్నాడో పక్క రైతుకు తెలియకుండా ఉండదు.

కాగితాలకన్నా తోటను చూడడం మేలు, అదీ ముందుగా కబురు చేయకుండా. నిజంగా ప్రకృతి వ్యవసాయం చేసేవారి దగ్గర 200 లీటర్ల డ్రమ్ము తప్పక ఉంటుంది. అందులోని నీటిలో పది కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుధాన్యపు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు మురగబెడితే ఒక ఎకరానికి సరిపడే ద్రవ జీవామృతం, అంటే నేలకు పోసే ద్రవ ఎరువు, తయారవుతుంది. మూత తీయించి చూడండి. నురగ కట్టి పులిసిన వాసన వస్తుంటే అది వాడుకలో ఉన్న డ్రమ్ము. అడుగున ఎండిన మడ్డి ఉంటే అది చూపించడానికి పెట్టినది. పురుగులకు కొట్టే నీమాస్త్రం (వేపతో చేసేది), దశపర్ణి కషాయం (పది రకాల ఆకులతో చేసేది) ఎప్పుడు కొట్టారో అడగండి. గట్ల చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న సాళ్లు, నడుమ బంతి మొక్కలు, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, చిన్న పురుగులు అంటుకునే పసుపు రంగు జిగురు అట్టలు ఉన్నాయేమో చూడండి. ఆకుకు ఒక్క రంధ్రం కూడా లేకుండా తోటంతా నిగనిగలాడుతుంటే నాకైతే అనుమానమే కలుగుతుంది.

ఇందుకూరుపేట అన్నారు కాబట్టి ఇంకొకటి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ మండలాలలో రొయ్యల గుంటలు చాలా ఉన్నాయి. గుంటకు ఆనుకొని ఉన్న పొలంలో నేల, బోరు నీరు రెండూ ఉప్పెక్కుతాయి. అటువంటి చోట చిక్కుడు, ముల్లంగి వంటివి సరిగా ఎదగవు, ఎవరెంత శ్రద్ధగా చేసినా దిగుబడి తగ్గుతుంది. బోరు నీటిని నోట్లో వేసుకొని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అదే విధంగా పక్క పొలంలో వరి ఉంటే అక్కడ కొట్టే మందు గాలికి ఎటు వస్తుందో గమనించండి. ఈ రెండూ ఆ రైతు తప్పు కాదు, కానీ మీ సంచి మీద వాటి ప్రభావం ఉంటుంది.

సమాధానం 4: పొదిలి వైపు నివాసి

పైవారు చెప్పినదంతా కాలువ నీరో మంచి బోరో ఉన్న ప్రాంతానికి సరిపోతుంది. మా వైపు, అంటే పొదిలి, కనిగిరి, మార్కాపురం ప్రాంతాలలో, మార్చి వచ్చేసరికి బోర్లు వట్టిపోతాయి. ఇక్కడ వారం వారం కూరగాయల సంచి ఇస్తానని ఎవరైనా ముందుగా డబ్బు తీసుకుంటే నేను నమ్మను. మెట్ట రైతుతో వాటా పెట్టుకోదలచినవారు కూరగాయల జోలికి పోకుండా ఏటా ఒకసారి పండే నిల్వ సరుకు మీద పెట్టుకోవడం మేలు. జూన్, జూలైలలో విత్తనాలకూ దుక్కికీ సొమ్ము ఇచ్చి, పంట ఇంటికి వచ్చాక కందులు, కొర్రలు, సజ్జలు, శనగలు తీసుకుంటున్నాము. కందులు కొత్తవి జనవరి, ఫిబ్రవరి నెలలలో వస్తాయి. ఇంట్లోనే నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి విసరించుకుంటే పప్పు రుచే వేరు. పుచ్చిపోకుండా డబ్బాలో వేపాకు వేసుకుంటే ఏడాది నిలుస్తుంది. వారం వారం సంచి మోసే పని లేదు, కుళ్లిపోయేది లేదు.

ఈ మాట ఎందుకంటే, మీరున్న చోట కూరగాయల వాటా కుదరకపోయినా రైతుతో నేరుగా పెట్టుకొనే ఒప్పందం అదొక్కటే కాదు. మీ నెల్లూరులో మార్చి, ఏప్రిల్ నెలలలో వరి కోతలు అవుతాయి. అదే రైతు దగ్గర ధాన్యం ఉంటే ఇంటికి ఏడాదికి సరిపడా తీసుకొని పాతబడ్డాక ఆడించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు: వేదాయపాళెం నివాసి

అందరికీ ధన్యవాదాలు. మా వారూ నేనూ చెప్పకుండానే తోటకు వెళ్లి చూశాము. ఎకరంన్నరలో కూరగాయలున్నాయి, ఇప్పటికి 22 వాటాలు ఇచ్చారట, 30 దాటనివ్వనన్నారు. డ్రమ్ములో కర్ర పెట్టి కలుపుతూ ఆయన భార్యే కనిపించారు. వాసన గురించి సందేహం లేదు, ఇంటికి వచ్చేదాకా మా బట్టలకే ఉంది. రొయ్యల గుంటలు కాలువకు అవతల ఉన్నాయి, బోరు నీరు తియ్యగానే ఉంది. ఉత్తరపు గట్టు పక్కన మాత్రం వేరొకరి వరి పొలం ఉంది. అటువైపు నాలుగు సాళ్లు జొన్న వేశామని, ఆ పక్క మడులలో ఆకుకూరలు వేయబోమని చెప్పారు. 

తేదీలు మార్చడానికి ఆయన ఒప్పుకోలేదు, ఇప్పటికే మిగిలినవారి దగ్గర తీసుకున్నానన్నారు. రెండు విడతలకు ఒప్పుకున్నారు. తోట మునిగితే పోయిన వారాలలో సగం వారాలను ఏప్రిల్ తరువాత ఇస్తానని, మిగిలిన సగం మేము వదులుకోవాలని అన్నారు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం చేశారు. ఇది న్యాయంగానే తోచింది. ఎదురింటివారితో కలిసి ఒక వాటా తీసుకుంటున్నాము. పిల్లల సంగతి మా అత్తగారు చూసుకుంటానన్నారు, ఆమె ధైర్యం ఏమిటో నాకు తెలియదు.

ఒక్క సందేహం మిగిలింది. సంక్రాంతికి మేము పది రోజులు మా పుట్టింటికి వెళ్తాము, ఎదురింటివారు కూడా ఊరు వెళ్తారు. ఆ వారం సంచిని ఆపమనడం సబబేనా?

సమాధానం 5: కావలి కూరగాయల రైతు

ఆపమనకండి అమ్మా. చిక్కుడు, టమాటా, వంకాయ బాగా దిగేది సరిగ్గా ఆ వారాలలోనే. మీరు వద్దన్నా కాయను చెట్టున ఉంచలేము, ఆపితే అది మండీకి వెళ్తుంది, పండుగ ముందు మండీలో వాటాకు పడినంత ధర రాదు. సంచి ఎవరికి ఇవ్వాలో గురువారంలోగా చెప్పండి చాలు, ఎందుకంటే శనివారం సాయంత్రం కోసి రాత్రికి సంచులు కడతాము. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికో, వాచ్‌మన్ కుటుంబానికో ఇవ్వమన్నా ఇస్తారు. ఇంకొకటి, భోగి నుండి ముక్కనుమ వరకు కోతకు కూలీలు దొరకరు. ఆదివారం ఆ రోజులలో పడితే సంచి రెండు రోజులు ముందుగా వస్తుందో, వెనుకగా వస్తుందో ఇప్పుడే అడిగి ఆ కాగితంలోనే రాయించుకోండి. ముందుగా వచ్చేటట్లయితే గుమ్మడికాయ, చిక్కుడుకాయలు మీరు ఊరికి తీసుకొని వెళ్లవచ్చు.